వెనక ఎడమ కిటికీ

మా వైపు నుంచి ఆళ్లగడ్డ వెళ్లేవాళ్లు సాధారణంగా అహోబిలం స్వామి కోసం వెళతారు. నేను వెళ్లింది ఒక కారు ఇంజన్ కోసం. అంత దూరం పోయి స్వామిని చూడకుండా తిరిగొచ్చానని మా ఇంట్లో ఇప్పటికీ దెప్పుతుంటారు. మరి ఏం చూసి వచ్చావని అడిగినవాళ్లకు నోటితో చెప్పడం నాకు చేతకాలేదు. అందుకే డైరీ ముందు పెట్టుకుని రాస్తున్నాను.

నేను దుగ్గిరాల వైపు కాలువల మీద లాకు సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరయ్యాను. ఉదయం, సాయంత్రం గేజి రాయి దగ్గర నిలబడి నీటిమట్టం చూసి రిజిస్టరులో రాయడం నా ఉద్యోగం. మట్టం తగ్గితే పక్క గడిలో కారణం రాయాలి. గండి పడిందనో, తూము తీశారనో, తలుపు కారుతోందనో ఏదో ఒకటి. కారణం లేకుండా నీళ్లు తగ్గవయ్యా అనేవాడు మా పైఅధికారి. ఉద్యోగం పోయాక ఆ అలవాటు డైరీగా మిగిలింది.

రెండువేల అయిదో సంవత్సరం చలికాలంలో నంద్యాల నుంచి నాగేంద్ర ఫోన్ చేశాడు. వాడు మా చెల్లెలి కొడుకు. హిందూపురంలో పుట్టి పెరిగి, బాడుగ కార్ల వ్యాపారం కోసం రెండేళ్ల కిందట నంద్యాల చేరాడు. ఉన్న రెండు చిన్న కార్లూ, తండ్రి ఇచ్చిన చేనూ అమ్మి, బెంగళూరులో ఒక బ్రోకరు దగ్గర విదేశీ పెద్ద బండి సెకండ్ హ్యాండులో కొన్నాడు. జీపు జాతిదే గాని జీపుల్లో జమీందారు లాంటిది. పెళ్లికొడుకులను ఊరేగించడానికి, పెద్దవాళ్లను తిప్పడానికి అలాంటిది ఉంటే తిరుగుండదని వాడి లెక్క. ఏడాది తిరక్కుండా దాని ఇంజన్ చెడింది.

హైదరాబాదులో కంపెనీవాళ్లు ఇంజన్ మొత్తం మార్చాలి, మూడున్నర లక్షలు అన్నారు. నంద్యాలలో సుబ్బరాయుడనే మేస్త్రీ తొంభై వేలలో చేస్తానని ఒప్పుకుని, మరునాడే చెయ్యి పెట్టనన్నాడు. ఎవరి చేతిలో పెట్టాలో వాడికి తెలియలేదు.

"తప్పు చేతిలో పెడితే బండీ పోతాది, నా బతుకూ పోతాది మామా. నువ్వొచ్చి చూడు. నువ్వు ఎవురంటే వాళ్లే," అన్నాడు.

ఇంజన్ల గురించి నాకు తెలిసింది తక్కువ. ఆ మాటే చెప్పాను. ఇంజన్లు తెలిసినోళ్లే గదా నన్ను ఇట్ల తిప్పుతాండేది అన్నాడు.

అడవిలో రైలు

గుంటూరు నుంచి పాసింజరు. గిద్దలూరు దాటాక నల్లమల మొదలవుతుంది. మా వైపు ఎటు చూసినా నీళ్లూ వరీ. కన్ను ఎక్కడా ఆగదు. ఇక్కడ కిటికీ పక్కకే కొండ వచ్చి నిలబడుతుంది. అడవి మధ్య స్టేషన్లో చెంచు దంపతులు తేనె సీసాలతో ఎక్కి నా ఎదురుగా కూర్చున్నారు. సీసా నలభై రూపాయలన్నారు. అసలైనదేనా అని అడిగాను.

"మీ తట్టు అమ్మేది చెక్కెర పానకం సామీ. ఇది నాకి చూడు," అంది ఆమె. మూత తీసి, నా అరచేతిలో వేసే ముందు ఒక బొట్టు కిటికీలోంచి బయటకు ఒంపింది. అదేమిటన్నాను.

"ముందు ఇయ్యాల్సినోళ్లకు ఇచ్చి తర్వాత మనం," అంది, అంతే. అప్పుడే రైలు సొరంగంలోకి పోయింది. పెట్టెలో దీపాలు వెలగలేదు. అరచేతిలో తేనె పెట్టుకుని వెలుతురు వచ్చేదాకా కూర్చున్నాను. చీకట్లో తినడానికి ఎందుకో మనసొప్పలేదు.

సుబ్బరాయుడి షెడ్డు

నంద్యాలలో పొద్దున్నే నాగేంద్ర ఉగ్గాని తినిపించాడు. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టి, పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ ఇస్తారు. ప్లేటు ఆరు రూపాయలు. మా ఊళ్లో బొరుగులు పిల్లల చిరుతిండి, ఇక్కడ మగవాళ్ల టిఫిను. బజ్జీ కొరికి నేను పడిన అవస్థ చూసి హోటలాయన తనే వచ్చి మజ్జిగ పోశాడు. దానికి డబ్బు తీసుకోలేదు.

బండి సుబ్బరాయుడి షెడ్డులో ఉంది. నల్లటి రంగు, నా భుజం ఎత్తు బానెట్టు. ఎక్కడానికి తలుపు కింద మెట్టు. నాగేంద్ర స్టార్టు చేశాడు. అంత పెద్ద బండికి ఆ చప్పుడు కుదరలేదు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఎవరో గురక పెడుతున్నట్టుంది. కాసేపటికే వేడి ముల్లు పైకి పోయింది. వాల్వులు కాలిపోయాయి, హెడ్డు దించాలి అని చెప్పాడు సుబ్బరాయుడు.

మరి దించడానికి అభ్యంతరమేమిటని అడిగాను. ఆయన ఇంజన్ మీదున్న ప్లాస్టిక్ మూత ఎత్తి పక్కన పెట్టాడు. దాని కింద, ఇనుము మీద, మూడు వేళ్లతో లాగిన గంధం గీతలు ఉన్నాయి. ఎండి, వేడికి గోధుమ రంగు తిరిగి, చెక్కు చెదరకుండా ఉన్నాయి.

"ఈడ ఒక చెయ్యి పడింది సార్. ఇది దర్గా గంధం. ఆళ్లగడ్డ మస్తాన్ తప్ప ఇట్ల ఎవురూ పెట్టరు. ఆయప్ప మూసిన ఇంజన్ను ఆయప్ప మాట లేకుండా నేను ఇప్పను. రేపు నేను మూసింది ఇంకొకడు ఇప్పితే నాకెట్లుంటాది?"

బెంగళూరు బండి మీద ఆళ్లగడ్డ మేస్త్రీ చెయ్యి ఎలా పడుతుందని నాగేంద్ర వాదించాడు. సుబ్బరాయుడు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"అది నువ్వు కనుక్కోవాల అబ్బోడా. కట్టినోడే ముడి ఇప్పాల," అని వేరే బండి కిందకి దూరాడు.

ఈ పద్ధతి నాకు కొత్త. మా వైపు ఒక మేస్త్రీ చేసిన పనిని ఇంకొకడు విప్పి, ముందువాడిని తిట్టుకుంటూ చేస్తాడు. ఆ తిట్లే సగం కూలి. ఇక్కడ మాట అడుగుతారు. ఆ మర్యాద బాగుందనిపించింది. అయితే ఆ గంధం గీతలు చూసిన దగ్గర నుంచి ఒక చిన్న ఇబ్బంది కూడా మొదలైంది. బండికి కాదు, మనిషికి పూసినట్టు ఉన్నాయవి.

ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్ల లోపే. బండిని మెల్లగా, ఆగి ఆగి పోనిస్తే చేరుతుందన్నాడు సుబ్బరాయుడు. దారిలో నాగేంద్ర ఒక మాట చెప్పాడు. ఏడాదిగా బేరాలన్నీ కర్నూలు వైపు, మహానంది వైపు వచ్చాయట. ఆళ్లగడ్డ వైపు నుంచి ఒక్క పెండ్లి బేరం రాలేదట. అటువైపు ఈ బండి పోవడం ఇదే మొదలు.

శిరివెళ్ళ దగ్గర టీ

పెద్దవాడినని నాగేంద్ర నన్ను వెనక ఎడమ సీట్లో కూర్చోబెట్టాడు. మెత్తటి తోలు సీటు. ఒక మనిషి ఆకారానికి కుంగి ఉంది. నాకంటే వెడల్పైన మనిషి.

శిరివెళ్ళ దాటాక బండి ఉడికిపోయింది. రోడ్డు పక్కన టీ బంకు ముందు ఆపి, నాగేంద్ర నీళ్ల కోసం వెనక్కి వెళ్లాడు. మేమింకా ఏమీ అడగలేదు. బంకు ఆయన ఒక గ్లాసు పట్టుకుని తిన్నగా నా కిటికీ దగ్గరకు వచ్చి వేలి కణుపుతో అద్దం మీద రెండుసార్లు కొట్టాడు. నేను అద్దం దించాను. గ్లాసు లోపలికి చాచి, నా ముఖం చూసి, అలాగే ఉండిపోయాడు. టీ కొంచెం నా పంచె మీద ఒలికింది.

గ్లాసు అందుకుని తాగాను. టీలో చక్కెర లేదు. నాకు చక్కెర జబ్బు లేదు, ఉందని ఎవరికీ చెప్పలేదు. చక్కెర వేయలేదేమయ్యా అని అడిగితే, ఆయన గ్లాసు నా చేతిలోంచి వెనక్కి తీసుకుని నేల మీద పారబోసి, అప్పుడే నీళ్లతో వచ్చిన నాగేంద్రకూ నాకూ కొత్త టీలు తెచ్చి ఇచ్చాడు. డబ్బులివ్వబోతే రెండు టీలకే తీసుకున్నాడు.

"మూడోది మీది గాదులే సామీ," అన్నాడు.

మరి ఎవరిదని నాగేంద్ర అడిగాడు. ఆయన వినిపించుకోనట్టు పాల గిన్నె కలిపాడు. మేం కదిలేటప్పుడు మాత్రం అడిగాడు.

"యాడికి పోతాండారు?"

ఆళ్లగడ్డకన్నాం.

"బేగా పోయి బేగా రాండి. పెద్ద గేటు దగ్గర మాత్రం నిలపొద్దండి."

ఏ గేటు అని అడిగేలోపు ఇంకో లారీవాళ్లు వచ్చారు. నేను వెనక సీటు ఎక్కలేదు. ముందు కూర్చుంటే రోడ్డు బాగా కనిపిస్తుందని చెప్పి నాగేంద్ర పక్కన కూర్చున్నాను. వాడు నా వైపు ఒకసారి చూసి బండి కదిలించాడు. ఆళ్లగడ్డ చేరేదాకా ఇద్దరం వెనక్కి తిరిగి చూడలేదు.

కళ్లు తెరవని బొమ్మలు

ఆళ్లగడ్డలో శిల్పులున్న వీధి బస్సులోంచి చూసినా తెలుస్తుంది. రోడ్డు పక్కనే రాతి దేవుళ్లు బారుగా నిలబడి ఉంటారు. అన్ని వైపుల నుంచీ ఉలి చప్పుడు. మేం ఆ వీధిలోకి తిరిగేసరికి ఆ చప్పుళ్లు దగ్గరి నుంచి దూరానికి ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. మనుషులు ఉలులు పట్టుకుని బండిని చూశారు. చెనిక్కాయలు, అంటే మా వైపు వేరుశనక్కాయలు, అమ్ముకునే ఒక ముసలామె బుట్ట పక్కకు జరిపి లేచి నిలబడింది, కొంగు భుజం మీదుగా కప్పుకుంది. నాగేంద్రకు ఇది పెద్ద బండి మీది గౌరవం అనిపించింది. నాకు అనిపించలేదు. గౌరవానికి లేచినవాళ్లు మనిషి వైపు చూస్తారు. వీళ్లు వెనక కిటికీ వైపు చూస్తున్నారు.

బండి మళ్లీ ఉడికింది. ఒక శిల్పి తన తొట్టి నీళ్లు ఇచ్చాడు. చల్లారేదాకా ఆయన పని చూస్తూ కూర్చున్నాను. అమ్మవార్లు, హనుమంతులు, నందులు, అన్నీ పూర్తయ్యాయి, నున్నగా ఉన్నాయి. కళ్లున్న చోట మాత్రం ఒట్టి ఉబ్బు. చేయించుకున్నవాళ్లు వచ్చి, చూసి, సరేనంటేనే కళ్లు చెక్కుతారట. ఒకసారి కళ్లు తెరిచాక ఇక దిద్దడానికి వీల్లేదట. ముక్కు వంకరున్నా అంతే.

వరస చివర ఒక మనిషి బొమ్మ ఉంది. నిలువెత్తు, పంచె, కండువా, చేతిలో చేతికర్ర. తలకు గోనెసంచి కప్పి మెడ దగ్గర తాడు కట్టారు. దాన్ని ఎందుకు కట్టేశారని నాగేంద్ర నవ్వుతూ అడిగాడు.

శిల్పి నవ్వలేదు. "ఆయమ్మ వచ్చి చూసి ఊ అనాల. అప్పుడు కండ్లు తెరుస్తా. ఏడాది పైన ఆయె, వచ్చింది లేదు. కండ్లు లేకుండా అట్ల రోడ్డు తట్టు చూస్తాంటే మాకే బాగుండక కప్పినాం."

"ఎవురిదన్నా ఈ బొమ్మ?"

శిల్పి ఉలి కింద పెట్టాడు.

"ఆయప్ప బండిలోనే వచ్చి నన్ను అడుగుతాండావా?"

మస్తాన్

మస్తాన్ నలభై ఏళ్లవాడు. తన షెడ్డు ముందు మేం ఆగగానే, మమ్మల్ని పలకరించక ముందే వచ్చి బానెట్టు మీద అరచెయ్యి పెట్టి, "మళ్లా వచ్చినావా," అన్నాడు. మాతో కాదు.

తర్వాత మంచం వాల్చి కూర్చోబెట్టి చెప్పాడు. నేను డైరీలో రాసుకున్నంతవరకు ఇది.

బండి ఆళ్లగడ్డలో ఒక పెద్ద రైతుది. అందరూ పెద్దన్న అనేవారు. దాన్ని నడిపింది మస్తాన్ సొంత అన్న. పెద్దన్నకు ఒక అలవాటు. సాయంత్రం బండి ఇంటి గేటులోకి రాగానే, ఇంజన్ ఆగకముందే, భార్య చెంబుతో నీళ్లు తెచ్చి వెనక ఎడమ కిటికీలోంచి ఇవ్వాలి. అవి తాగి గాని దిగడు. ఇంటికొచ్చినవాళ్లకు చెంబుడు నీళ్లివ్వడం మా వైపూ ఉంది గాని, దిగాక అరుగు మీద ఇస్తాం. ఒక సాయంత్రం బండి వచ్చింది. చూపు సరిగా లేని కావలి తాత ఎప్పటిలాగే ఆ చప్పుడు విని గేటు తీశాడు. ఆమె వచ్చి చెంబు కిటికీలోకి చాచింది. పెద్దన్న అందుకోలేదు.

"దారిలోనే పానం పోయింటాది. మా అన్నకు తెలీదు, కునుకు తీస్తాండాడు అనుకున్నాడు. ఆయమ్మ చెంబు పట్టుకొని అట్లనే నిలబడింది సార్. ఇంజన్ ఆడతానే ఉంది. దాన్ని ఆపమని ఎవురికీ తోచలేదు."

ఆ తర్వాత బండి చప్పుడు వినిపించినప్పుడల్లా కావలి తాత లేచి గేటు తీసేవాడు. కుక్కలు పరుగెత్తేవి. ఆమె మస్తాన్‌ను పిలిపించి, అమ్మేదాకా ఆ సద్దు నా చెవిన పడగూడదని చెప్పింది. మస్తాన్ పొగగొట్టం మెడలో చిన్న బెజ్జం ఉన్న ఇనుప రేకు ఒకటి అడ్డం పెట్టి అతికాడు. చప్పుడు అణిగిపోయింది. గంధం పెట్టి మూసేశాడు. అమ్మే రోజు తీసేద్దామనుకున్నాడు. ఆయన దర్గాకు పోయిన రోజున బ్రోకరు వచ్చి బండి తోలుకుపోయాడు. బెంగళూరు చేరిన బండి మళ్లీ ఈ తట్టుకే వస్తుందని ఎవరూ అనుకోలేదు.

పొగ పోయే దారి లేక ఏడాదిగా ఇంజన్ తనలో తాను ఉడికింది. అదీ జబ్బు. ఆ రేకు ఉండగా కొత్త ఇంజన్ పెట్టినా మళ్లీ ఇంతే అవుతుంది. రేకు తీసి, వాల్వులు మార్చి, హెడ్డు సరిచేస్తే సామాన్లకు ముప్పై నలభై వేలు. తన కూలి వద్దన్నాడు. నాగేంద్ర ముఖం వెలిగింది.

"అయితే తియ్యన్నా, ఇప్పుడే."

"ఆయమ్మకు మాటిచ్చినా. ఆయమ్మ ఊ అనకుండా తీయను."

"నా బండికి ఆయమ్మ ఊ ఏందీ? దుడ్లు పోసి కొన్నా నేను."

"బండి నీదే అప్పా. ఆ సద్దు నీది గాదు."

నాగేంద్ర నన్ను పక్కకు లాగాడు. జబ్బు తెలిసిపోయింది, రేకు కోయడానికి ఏ వెల్డింగు కొట్టువాడైనా చాలు, మస్తాన్ పట్టింపులు మనకెందుకు, నంద్యాలకు తిరిగిపోదాం పద అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. చేను అమ్మినవాడు వాడు. నేను చెప్పాల్సిన మాట చెప్పే సమయం అదే.

నేను ఉద్యోగంలో ఒక నియమం ఎన్నడూ తప్పలేదు. లాకు తలుపు ఎత్తేముందు దిగువన ఉన్నవాళ్లకు చెప్పాలి. నీళ్లు మనవే, తలుపు మనదే, తాళంచెవి మన చేతిలోనే ఉంటుంది. అయినా చెప్పాలి, ఎందుకంటే దిగువన ఎవరో ఒకరు కాలువలో దిగి ఉంటారు. ఆ మాటే నాగేంద్రకు చెప్పాను. "ఈ బండి చెయ్యాల్సింది మస్తానే. కాని ముందు ఆమెను అడిగి వద్దాం," అన్నాను. "ఒప్పుకోకపోతే?" అని వాడన్నాడు. ఒప్పుకోకపోతే హైదరాబాదు పంపించి రేకు సంగతి కూడా చెప్పి చేయిద్దాం, ఆ ఖర్చులో సగం నాది, ఆ చప్పుడుతో మాత్రం ఈ దారిన రావద్దు అన్నాను. వాడు రోడ్డు వైపు చూసి, సరే మామా అన్నాడు.

పెద్ద గేటు

నేనూ నాగేంద్రా పెద్దన్న ఇంటికి నడిచే వెళ్లాం. కావలి తాత కడ్డీల మధ్య నుంచి మమ్మల్ని తడిమి చూసి లోపలికి పంపాడు. ఆమె వరండాలో పీట మీద కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. ఏం పని అని అడగకముందే ఇద్దరికీ నీళ్లిచ్చింది. నేను విషయం దాచకుండా చెప్పాను. నాగేంద్ర చేను అమ్మిన సంగతీ, రేకు సంగతీ, మస్తాన్ మాట సంగతీ. ఆమె అంతా విని ఒకే ప్రశ్న వేసింది.

"ఆ సీట్లో మీరు కూర్చున్నారా అన్నా?"

"శిరివెళ్ళ దాకా కూర్చున్నానమ్మా. తర్వాత ముందుకు మారాను."

"ఎందుకు?"

"బంకు ఆయన నాకు చక్కెర లేని టీ తెచ్చి ఇచ్చాడు."

ఆమె కొంగుతో మోకాలు కప్పుకుంది. "వానికింకా గుర్తుందే," అని గేటు వైపు చూసింది. నాగేంద్ర కాలి బొటనవేలు నేల మీద ఆగకుండా కొట్టుకుంటోంది.

"చేయమనండి," అంది చివరికి. "పోయేటప్పుడు ఒకసారి ఈడ నిలపండి. వెనక సీట్లో ఎవురూ కూర్చోవద్దండి."

రెండు రోజులు ఆళ్లగడ్డలో ఉన్నాం. లాడ్జి గది నూట ఇరవై. మస్తాన్ ఇంటి నుంచి జొన్నరొట్టె, ఊరుబిండి వచ్చేవి. ఊరుబిండి అంటే చెనిక్కాయలు, మిరపకాయలు కలిపి రోట్లో నూరిన పచ్చడి. మొదటి పూట భయపడ్డాను, రెండో రోజు నేనే అడిగి వేయించుకున్నాను. రేకు బయటికి తీసినప్పుడు మస్తాన్ మాకు చూపించాడు. అరచేతిలో పట్టేంత ముక్క, మసి పట్టి ఉంది. దాన్ని చిన్న గుడ్డలో చుట్టి తన పెట్టెలో పెట్టుకున్నాడు. పారేయడానికి మనసు రాదన్నాడు.

రెండో రోజు పొద్దు గుంకే వేళకు స్టార్టు చేశాడు. గొంతుకు కట్టిన గుడ్డ విప్పినట్టయింది. గట్టి చప్పుడు కాదు. లోతైనది. లాకు తలుపు ఎత్తగానే అడుగు నుంచి నీళ్లు కదిలే చప్పుడు ఉంటుందే, చెవికంటే ముందు అరికాళ్లకు తెలిసేది, అలాంటిది. ఎదురింటి గోడ మీద పావురాలు లేచిపోయాయి. మస్తాన్ మూడు వేళ్లతో కొత్త గంధం పెట్టి మూత వేశాడు. సుబ్బరాయునికి నా మాటగా చెప్పండి, ఇంక ఎవురైనా ఇప్పొచ్చు అన్నాడు.

నేను ముందు సీట్లో కూర్చున్నాను. నాగేంద్ర వెనక ఎడమ అద్దం పూర్తిగా దించాడు. శిల్పుల వీధిలో ఈసారి ఉలులు ఆగలేదు. మేమింకా సందు మొదట్లో ఉండగానే గేటు తెరుచుకుంటోంది. నాగేంద్ర హారన్ కొట్టలేదు. కావలి తాత ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, తల వంచి నిలబడ్డాడు. రెండు ముసలి కుక్కలు మెల్లగా వచ్చి వెనక చక్రం పక్కన పడుకున్నాయి.

ఆమె రాగి చెంబుతో వచ్చింది. చెంబు అంచుదాకా నిండి ఉంది. మెట్లు దిగేటప్పుడు ఒక్క బొట్టు ఒలక్కుండా నడిచింది. ఆ నడక చూస్తే ఎన్నేళ్ల అలవాటో తెలుస్తుంది. కిటికీలోంచి చెయ్యి లోపలికి చాచి నిలబడింది. ఇంజన్ ఆడుతూనే ఉంది. నాగేంద్ర స్టీరింగు వైపే చూస్తున్నాడు. నేను తల తిప్పి ఆమె చెయ్యి చూశాను. వణకలేదు. దాహంగా వచ్చిన మనిషి నీళ్లు తాగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు అలాగే ఉంచింది. తర్వాత చెంబు వెనక్కి తీసుకుంది. వరండా దీపం వెలుగు చెంబులో పడింది.

మిగిలిన నీళ్లు చక్రం మీద పోసి, నాగేంద్ర వైపు వచ్చింది.

"ఇంక నీ బండి నాయనా. పెండ్లిండ్లకు తిప్పుకో." తర్వాత కావలి తాతతో అంది, "గేటు ఎయ్యి. రేప్పొద్దున శిల్పి తట్టు పోవాల, నువ్వూ రా."

తిరుగు దారి

శిరివెళ్ళ దగ్గర బండి వేడెక్కలేదు. టీ కోసం నేనే ఆపమన్నాను. బంకు ఆయన చప్పుడు దూరం నుంచే విని ఉంటాడు, మేం ఆగేసరికి మూడు గ్లాసులు చేతిలో ఉన్నాయి. రెండు మాకిచ్చాడు. మూడోది పట్టుకుని వెనక కిటికీ దాకా పోయి, వంగి లోపలికి చూసి, కాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత తనే తాగేశాడు.

"చక్కెర లేకుండా ఎట్ల తాగుతాండెనో మారాజు," అన్నాడు ముఖం చిట్లించి. నాగేంద్ర నవ్వాడు. శిల్పి ముందు నవ్విన తర్వాత వాడు మళ్లీ నవ్వడం అప్పుడే. ఆ మాఘమాసంలోనే వాడికి ఆళ్లగడ్డ నుంచి మొదటి పెండ్లి బేరం వచ్చింది. మాట్లాడినవాడు ఆ శిల్పి.

ఆ రాత్రి బంకు దగ్గర నాగేంద్రా, బంకు ఆయనా మాట్లాడుకుంటుండగా నేను దిగి వెనక ఎడమ తలుపు దగ్గరకు వెళ్లాను. బంకు లైటు తలుపు మీద పడుతోంది. రెండు రోజుల దుమ్ము నల్లటి రంగు మీద సన్నగా పరుచుకుని ఉంది. ఒక్క చుక్క జారినా గీత పడుతుంది. గీత లేదు. తలుపు తీసి సీటు తడిమాను, కింద పరిచిన పట్టా తడిమాను. రెండూ పొడిగా ఉన్నాయి.

నేను ముప్పై ఏళ్లు నీటిమట్టం చదివినవాడిని. చెంబు కిటికీలోకి పోయేటప్పుడు అంచుదాకా ఉంది. దీపం వెలుగులో వెనక్కి వచ్చేటప్పుడు రెండు వేళ్లు తక్కువగా ఉంది. ఆ రాత్రి నంద్యాలలో నాగేంద్ర ఇంట్లో డైరీ తీసి ఆ రెండు మట్టాలూ రాశాను. కారణం రాయడానికి పక్కన కొంచెం చోటు వదిలాను. ఈ కథనం రాయడానికి మళ్లీ ఆ పేజీ తెరిచాను. చోటు అలాగే ఉంది.